కామెంటరీలో జంగయ్యన్న గొంతు

భయపెట్టే సినిమాలు ఇష్టపడేవాళ్లకు దెయ్యాలమీద నమ్మకం ఉంటుందని చాలామంది అనుకుంటారు. నా విషయంలో అది పూర్తిగా తప్పు. నేను కొనే డిస్క్‌లలో సినిమాతోపాటు దాన్ని ఎలా తీశారో చూపించే వీడియోలు కూడా ఉంటాయి. నెత్తురంటే రంగు కలిపిన చక్కెర పాకమని, తెగిపడిన చెయ్యి రబ్బరుదని, అరుపులు వేరే గదిలో మైకు ముందు నిలబడి అరిచినవని అవి చెబుతాయి. చూసి చూసి నాకు భయమే పోయింది.

పైగా మాది చర్చికి వెళ్లే కుటుంబం. దెయ్యం మాట ఎత్తితే నాయిన కసురుకునేవాడు. కాబట్టి ఇది నమ్మకం ఉన్న మనిషి రాస్తున్నది కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మా ఆయన ప్రభాకర్‌ది రైల్వేలో ఉద్యోగం. అమ్మ పోయాక నాయిన మా దగ్గరే ఉంటున్నాడు. వయసులో ఉన్నప్పుడు పాలమూరు కూలీలతో కలిసి ఎక్కడెక్కడి రాష్ట్రాలకో పోయి కాలువలు తవ్వి వచ్చిన మనిషి. ఇప్పుడు షుగరు. అన్నం ముందు ఇన్సులిన్ సూది తానే వేసుకుంటాడు. నన్ను ముట్టుకోనివ్వడు.

నాకున్న పిచ్చి డిస్క్‌లు పోగెయ్యడం. అందులోనూ ఒక సినిమా వరస అంటే ప్రాణం. గడ్డితో అల్లిన ముసుగు వేసుకున్న హంతకుడొకడు కొడవలి పట్టుకుని, కోతల కాలంలో ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోతాడు. ఆరు భాగాలు వచ్చాయి. మేమంతా వాడిని ‘కోతగాడు’ అంటాం, సినిమాల్ని కోతగాడు సినిమాలు అంటాం. కొన్నేళ్లకోసారి ఏదో ఒక కంపెనీ వాటిని కొత్తగా శుభ్రం చేసి, కొత్త డబ్బాలో పెట్టి అమ్ముతుంది. ఇంట్లో పాతవి ఉన్నా మేము మళ్లీ కొంటాం.

“ఒక్కటే బొమ్మను ఎన్నిసార్లు కొంటవ్ బిడ్డా? సచ్చినోడు మళ్ల సస్తడా?” అని నాయిన నవ్వేవాడు.

‘మేము’ అంటే ఫోన్‌లో ఒక గ్రూపు. తెలుగువాళ్లమే, తలా ఒక ఊరు. కొత్త డిస్క్‌లో రంగులు పచ్చగా కొడుతున్నాయని ఒకరు, పాతదాంట్లో చీకటి మరీ ఎక్కువని ఒకరు, అట్ట డబ్బా మూల నలిగి వచ్చిందని మరొకరు ఏడ్చేవాళ్లు. ఏ డిస్క్‌లో ఏ సీను కత్తిరించారు, సినిమా నడుస్తుండగా దాని గురించి చెప్పే కామెంటరీల్లో ఎక్కడ దర్శకుడు నిజం చెప్పాడు, ఎక్కడ గొప్పలు పోయాడు. బయటివాళ్లకు పిచ్చి మాటలే. మాకు మాత్రం ఆదివారం మధ్యాహ్నాలు వాటితోనే గడిచేవి.

ఆ గ్రూపుకు పెద్ద జంగయ్యన్న. మోత్కూర్‌లో ఒకప్పుడు సీడీలు కిరాయికి ఇచ్చే దుకాణం నడిపాడు. ఆ రోజులు పోయాక అదే గదిలో జిరాక్సు మిషను పెట్టుకున్నాడు. ఆయనకు ‘ఆగు జర’ అనేది ఊతపదం. ఎవరు ఏం మాట్లాడుతున్నా మధ్యలో “ఆగు జర” అని ఆపి, మెల్లగా మొదలుపెట్టేవాడు. గొంతు కొంచెం బొంగురు. ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోరు.

నాలుగో భాగంలో కొట్టం సీను ఉంది. రేకుల మీద వాన పడుతుంటుంది. తర్వాతి విడుదలల్లో ఆ వాన చప్పుడు మార్చేశారని జంగయ్యన్న వాదన. నల్లగొండలో ఉండే ఇమ్రాన్ ఒప్పుకునేవాడు కాదు. ఇద్దరూ దానిమీద ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు, ప్రేమగా.

ఆయన్ని నేను చూసింది ఒక్కసారే. మా కాలేజీలో పనిచేసే మేడం కూతురి పెళ్లికి యాదగిరిగుట్ట పోయినప్పుడు, నేను వస్తున్నానని తెలిసి భార్య యాదమ్మతో కలిసి వచ్చాడు. నేను వెతుకుతున్న రెండో భాగం పాత డిస్క్ తెచ్చి చేతిలో పెట్టాడు. ముగ్గురం చాయ తాగాం. అంతే.

మొదటి విడుదలలోని అసలు శబ్దంతో ఆరు భాగాలూ కలిపి కొత్త డబ్బా వస్తోందని తెలిసినప్పుడు అందరికంటే ముందు డబ్బులు కట్టి చెప్పిపెట్టుకున్నది జంగయ్యన్నే. ఆ డబ్బా వచ్చేలోపే జబ్బు చేసి పోయాడు. జబ్బు సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఆయన పోయాడన్న కబురు యాదమ్మ చెబితేనే తెలిసింది.

కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసింది. “చెల్లె, ఆయన పేరు మీద ఏందో డబ్బ వచ్చింది. నాకేం దెల్సు గివన్ని. ఆయన ఉంటే నీకే పంపుమనేటోడు అనిపిస్తాంది” అంది. వద్దన్నా వినలేదు. బస్ పార్సిల్‌లో పంపించింది. నేను చాలా రోజులు దాని మీది ప్లాస్టిక్ కాయితం కూడా చించలేదు.

చివరికి ఇమ్రానే అన్నాడు, “అక్కా, అన్న కోసమన్న ఒకసారి పెడదాం. వాన సంగతి తేలాలె కద” అని.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెట్టుకున్నాం. ప్రభాకర్ డ్యూటీలో ఉన్నాడు. నాయినకు అన్నం వడ్డించి, పళ్లెం మీద మూత పెట్టి, తినమని చెప్పాను. “సూది ఏస్కొని తింట, నువ్వు పో” అన్నాడు. ముందు గదిలో టీవీ పెట్టాను. ఫోన్ స్పీకర్‌లో ఇమ్రాన్. ఆయన ఇంట్లో పాత డిస్క్ నడుస్తోంది, మా ఇంట్లో కొత్తది.

కొట్టం సీను వచ్చింది. అసలు శబ్దం పెట్టి విన్నాం. జంగయ్యన్న చెప్పిందే నిజం. రేకుల మీద చినుకులు విడివిడిగా వినిపించాయి. “ఓడిపోయిన అక్కా” అని ఇమ్రాన్ నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపు ఉంది. నాకూ కళ్లు నిండాయి.

దర్శకుడు దీని గురించి ఏమన్నాడో విందామని అదే సీను కామెంటరీతో మళ్లీ పెట్టాను. ఇంగ్లీషులో ఇద్దరు ముసలాళ్లు మాట్లాడుకుంటున్నారు. వాన మిషను చెడిపోయిందని, దాన్ని బాగుచేయించడానికి పడ్డ తిప్పలని ఏదో చెబుతున్నారు. ఒక వాక్యం మధ్యలో మాట ఆగింది. టీవీలో చిన్న నిశ్శబ్దం.

తర్వాత, అదే టీవీలోంచి, బొంగురు గొంతు.

“ఆగు జర చెల్లె. నాయిన అన్నం తినలే. పోయి చూడు.”

వెంటనే మళ్లీ ఇంగ్లీషు. ముసలాళ్లు నవ్వుతున్నారు.

విన్నది నిజమో కాదో నాకు తెలియలేదు. అప్పుడు ఫోన్‌లోంచి ఇమ్రాన్ అడిగాడు.

“అక్కా, జంగయ్యన్న పాత వాయిస్ మెసేజ్ ఏమన్న పెట్టినవా?”

అంటే ఇమ్రాన్ కూడా విన్నాడు. లేచి వెనక గదికి ఉరికాను.

పళ్లెం మీద మూత మూతలాగే ఉంది. వాడేసిన సూది పక్కనే ఉంది. నాయిన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దూరం నుంచి చూస్తే మంచి నిద్రలో ఉన్నట్టే. దగ్గరికి పోతే చొక్కా చెమటకు తడిసి ముద్దయి ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. “నాయినా, నాయినా” అని ఊపితే అర్థం కాని మాటేదో గొణిగాడు. కళ్లు తెరవలేదు.

షుగరు పడిపోయిందని అర్థమైంది. అలాంటప్పుడు నోట్లో నీళ్లు పొయ్యొద్దని డాక్టర్లు చెప్పింది గుర్తుంది. తేనె వేలికి అద్దుకుని బుగ్గ లోపల రుద్దాను. పక్కింటివాళ్లను కేకేశాను. వాళ్ల ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం. ఇమ్రాన్ అటునుంచి నా అరుపులు విని, గ్రూపులో ఎవరి దగ్గరో నంబరు సంపాదించి ప్రభాకర్‌కు కబురు చేశాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

గ్లూకోజు ఎక్కించారు. కాసేపటికి నాయిన కళ్లు తెరిచి, “గీడికెందుకు తెచ్చిండ్రు నన్ను?” అన్నాడు. అంత హాయిగా నేను ఎప్పుడూ ఏడవలేదు.

“నిద్రపోతుండనుకొని ఊకుంటే మనిషి దక్కకపోతుండె. మంచి టైముకు చూస్కున్నవమ్మా” అన్నాడు డ్యూటీ డాక్టరు. తలూపాను.

తర్వాత నాయిన చెప్పాడు. సూది వేసుకున్నాక కొంచెం కళ్లు తిరిగినట్టయి, ఒక్క నిమిషం ఒరిగి లేచి తిందామనుకున్నాడట. నేను సినిమాలో ఉన్నానని పిలవలేదట.

ఇంటికి వచ్చాక నేను చేసిన మొదటి పని ఆ డిస్క్ మళ్లీ పెట్టడం. కొట్టం సీను, అదే కామెంటరీ. వాక్యం మధ్యలో మాట ఆగలేదు. వాన మిషను కథ గడగడా నడిచింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. గ్రూపులో అదే డబ్బా ఉన్నవాళ్లందరూ పెట్టి చూశారు. ఎవరి దాంట్లోనూ ఏమీ లేదు.

ఫోన్‌లో పాత మెసేజ్ ఏదైనా దానంతటదే మోగిందేమోనని జంగయ్యన్న పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే విన్నాం. అలాంటి మాట ఒక్కదాంట్లోనూ లేదు. అయినా ఆ పూట మా ఇంట్లో ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో పాత మెసేజ్‌కు ఎలా తెలుస్తుంది?

పళ్లెం చప్పుడు వినిపించలేదని నా మనసే పట్టుకుని, తెలిసిన గొంతులో నాకు చెప్పిందేమో. ఇది ప్రభాకర్ మాట. నేనూ ఒప్పుకునేదాన్నే. కానీ ఇమ్రాన్‌కు మా ఇంటి పళ్లెం సంగతి తెలియదు. విన్న మాటలు విడిగా రాసి పంపమంటే, నేను విన్నవే అక్షరం పొల్లుపోకుండా రాసి పంపాడు.

దెయ్యం మాటంటే కసురుకునే నాయిన ఈసారి కసురుకోలేదు. “గాయన బతికున్నప్పుడు ఒక్కపారన్న ఇంటికి పిలిచి అన్నం పెట్టకపోతిమి బిడ్డా” అన్నాడు. “ఆయన పెండ్లాముకు చెప్పాలె. నేనే వస్త.”

ఒంట్లో కాస్త బలం వచ్చాక ఇద్దరం మోత్కూర్ పోయాం. యాదమ్మ ఇప్పుడు జిరాక్సు దుకాణం తానే చూసుకుంటోంది. మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ పోయాను. తీరా అక్కడ నాయినే మొదలుపెట్టాడు.

“అమ్మా, నీ పెనిమిటి నన్ను బతికిచ్చిండు” అని రెండు చేతులూ జోడించాడు.

నేను జరిగిందంతా చెప్పాను. ఆమె నమ్మిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. చెప్పడం అయిపోయాక అడిగింది.

“గొంతు ఎట్లుండె చెల్లె? ఆయాసమొస్తుండెనా?”

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. చివరి రోజుల్లో ఆయన ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయట. ఒక్క మాట అనాలంటే మధ్యలో రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చేదట. పేరు పెట్టి పిలవడానికి కూడా పాణం చాలక, మంచం కోడు మీద వేలితో కొట్టి పిలిచేవాడట. ఆమె చెవుల్లో ఇప్పటికీ ఆ ఆయాసమే వినిపిస్తోందట. బాగున్నప్పటి గొంతు గుర్తు చేసుకుందామన్నా రావడం లేదట.

“లేదక్కా” అన్నాను. “ఎక్కడా ఆగలే. మునుపటి లెక్కనే, సాపుగ, నిమ్మళంగ మాట్లాడిండు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత కళ్లు తుడుచుకుని నాయిన వైపు చూసి, “అన్నం పెడ్త, తిని పోండ్రి” అంది.

నాయిన తిన్నాడు. అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాడు. ఆయన తింటున్నంతసేపూ యాదమ్మ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈరోజుకూ తెలియదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనలేను. లేవని గట్టిగా అనే ధైర్యం మాత్రం పోయింది. ఎవరు అడిగినా నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ మాట విన్నాను, లేచి వెళ్లాను, మా నాయిన బతికి ఉన్నాడు.