చివరి అక్షరం దాకా చదవమన్నది నేనే

మొన్న ఆదివారం మా ప్రార్థన మందిరంలో ఏం జరిగిందో వేరేవాళ్ళు చెప్పకముందే నేనే చెప్పేస్తాను. వాళ్ళు చెబితే ఇంకో నాలుగు కలుపుతారు. అసలు జరిగిందే నాకు ఎక్కువ!

నేను స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్ని. చదువు పదో తరగతి. కానీ పద్ధతంటే పద్ధతే. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క షిఫ్టుకీ లేటుగా వెళ్ళలేదు. దువ్వాడలో మా మందిరానికి నేను ఎల్డర్ని, అంటే సంఘపెద్దని కూడా. అక్కడా అంతే.

రెండు వారాల కిందట ఒక సంగతి బయటపడింది. ఆటో నడిపే సత్తిబాబు, మందిరంలో పాడే అతని బృందం కలిసి పాటల సీడీలు కాపీ కొట్టి పంచుకుంటున్నారు. అందరిముందూ నిలబెట్టి అడిగాను.

"కొనకుండా కాపీ కొట్టడం దొంగతనం కాదా?"

సీడీలు తెప్పించి విరగ్గొట్టించాను. నెలరోజులు పాటలు బంద్. ఆ నెలంతా మందిరం ఊడ్చి చాపలు పరవాలన్నాను.

సత్తిబాబు బతిమాలాడు. "నెలంటే ఎలాగండీ? క్రిస్మస్ వొచ్చేత్తంది. ప్రాక్టీసు సెయ్యాలి కదండీ."

"నెలంటే నెలే!"

పాస్టరు గారికి నా పట్టుదల నచ్చింది. వచ్చే ఆదివారం దొంగతనం మీద వాక్యం, అదే ప్రసంగం, మీరే చెప్పండన్నారు. నేను డిక్షనరీలు ముందేసుకుని కూర్చుంటే మా బావమరిది ప్రకాశం వచ్చాడు. పోర్టులో గుమస్తా.

"ఏటి బావా, ఇంకా ఈ పుస్తకాలు తిరగేత్తన్నావా? ఇది ఎక్కించుకో. బైబిలు మొదట రాసిన గ్రీకు మాట మీద నొక్కితే దాని తాత ముత్తాతలంతా బయటికొచ్చేత్తారు."

ఒక సీడీ చేతిలో పెట్టాడు. తెల్లటిది. దాని మీద స్కెచ్ పెన్నుతో 'బైబిల్' అని రాసి ఉంది. అమ్మాయి చదువుకని కొన్న కంప్యూటరులో వాడే ఎక్కించి పెట్టాడు.

అబ్బ! ఏం సాఫ్ట్‌వేరు! 'దొంగ' మీద నొక్కాను. క్లెప్టేస్ అని వచ్చింది. దానికి మూలం క్లెప్టో, అంటే దొంగిలించు. ఆ మూలానికే ఇంకో ఇద్దరు పిల్లలు, క్లెమ్మా, క్లొపే. రెండూ దొంగతనమే. పక్కనే ఇంకో దొంగ ఉన్నాడు, లేస్టేస్. వాడు కొట్టి లాక్కునే రకం. మన క్లెప్టేస్ అలా కాదు, చడీచప్పుడు లేకుండా తీసేస్తాడు.

మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. "అన్నం సల్లారిపోతంది!"

"ఉండవే, దొంగ దగ్గరున్నాను!"

ఆ పేజీ ప్రింటు తీసి, ఇంగ్లీషు పక్కన తెలుగులో అర్థాలు రాశాను. చివర నా సొంత మాట ఒకటి చేర్చాను: 'పెద్దమనిషిలా కనబడేవాడే క్లెప్టేస్ కావచ్చు.' నాకే ఎంతో నచ్చింది. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఇంగ్లీషు వరుస ఒకటి ఉంది. కంపెనీ పేరనుకున్నాను. అందంగా ఉంటుందని స్కేలు పెట్టి దాని కింద గీత కూడా గీశాను. స్టేషన్ దగ్గర నలభై జిరాక్సులు తీయించాను.

ఆదివారం వాక్యం అదిరింది. ఇదంతా ఒక బైబిల్ సీడీలోదని గర్వంగా చెప్పాను కూడా. గ్రీకు వినేసరికి పాస్టరు గారు కూడా పెన్ను తీశారు. చివరికి కాగితాలు పంచి గట్టిగా చెప్పాను. "ఇంటికెళ్ళి అటక మీద పడేయడం కాదు. చివరి అక్షరం దాకా చదవాలి! టీచరు గారూ, మీరు పైకి చదవండి."

మేరీ టీచరు ఇంగ్లీషు చెబుతారు. చక్కగా చదువుకొచ్చారు. అడుగుకి వచ్చేసరికి ఆగిపోయారు.

"ఆగారేం?"

"ఇక్కడికి చాలండి."

"చివరి అక్షరం దాకా అన్నాను కదమ్మా!"

"వద్దులెండి, ఎల్డర్ గారూ."

"చదవండి! తెలుగులో కూడా చెప్పండి, అందరికీ అర్థం కావాలి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. "ఈ కాపీకి డబ్బు కట్టలేదు. దయచేసి కొనుక్కుని వాడండి... అని ఉందండీ. కింద గీత కూడా గీశారు."

వెనకనుంచి సత్తిబాబు నెమ్మదిగా అడిగాడు. "ఏ సీడీ అండీ అది?"

నేను ముందు వరసలో కూర్చున్న ప్రకాశం వైపు చూశాను. వాడు లేచి నన్ను కాపాడబోయాడు. "అందరి దగ్గరా ఇదే ఉంది బావా! డబ్బులెట్టి ఎవడు కొంటాడు?"

దాంతో మందిరం మొత్తం ఘొల్లుమంది. పాస్టరు గారు మొహానికి బైబిలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఊగుతున్నాయి.

సీడీ నా సంచిలోనే ఉంది. బయటికి తీశాను. తెల్లటి సీడీ, స్కెచ్ పెన్ను రాత. నేను విరగ్గొట్టించినవి కూడా అచ్చం ఇలాంటివే! అప్పుడు తట్టని బుద్ధి ఇప్పుడు తట్టింది. అందరూ చూస్తుండగా ఫట్‌మని విరిచేశాను.

"సత్తిబాబూ, మీరు ఇవాళ్టినుంచే పాటలకి వెళ్ళండి. మీకు మిగిలిన రోజులు కూడా నేనే ఊడుస్తాను. ఆ పైన నా నెల."

"నెలా అండీ?"

"నెలంటే నెలే!"

మాట మాటే. నిన్న ఊడుస్తుంటే వాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నారు. సత్తిబాబు పాట మధ్యలో ఆపి చెయ్యి చూపించాడు.

"ఎల్డర్ గారూ, ఆ కిటికీ మూల వొదిలేసేరు. సివరి దాకా ఊడవాలండీ!"

ఊడ్చాను. ఇంకా వాడేదో అనబోతుంటే ముందే చెప్పేశాను: ఈ చీపురు మాత్రం కొన్నదే, బిల్లు జేబులో ఉంది.