ఆరిఫ్ కన్ను, మంత్రిగారి కేసు

ఊరంతటికీ సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన రోజులవి. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్పే సెంటర్ల సందులో అతియాకు జిరాక్స్ షాపు ఉండేది. నోట్సు కాపీల కోసం పిల్లలు పొద్దున్నే ఎగబడేవాళ్లు. ఒక బంద్ రోజు, పరీక్షలున్నాయని వాళ్లు బతిమాలితే ఆమె షట్టరు దించలేదు. పంజాగుట్ట వైపు నుంచి ఊరేగింపు వచ్చింది. ముందు నడుస్తున్న కార్పొరేటర్ హనుమత్ప్రసాద్ తన చేత్తోనే రాయి విసిరాడు. అద్దం పగిలి, మిషను దగ్గరున్న ఆమె తమ్ముడు ఆరిఫ్ ఎడమ కన్ను పోయింది.

స్టేషన్లో ఎస్సై, "గుర్తు తెల్వని వ్యక్తులని రాస్కుంటనమ్మా" అన్నాడు.

"గుర్తు తెల్వకుంటెట్ల సార్? ఓట్లకు మా గల్లీకి వచ్చినోడే గదా!" అంది అతియా. పేరు రాసేదాకా బెంచీ మీది నుంచి లేవలేదు.

ఆ తర్వాత ఆమె బతుకంతా వాయిదాలే. పెళ్లి సంబంధాలొస్తే, "కేసు అయిపోనీ" అనేది. హనుమత్ప్రసాద్ మాత్రం కేసు కోసం ఆగలేదు. ఎమ్మెల్యే అయ్యాడు, మంత్రీ అయ్యాడు. చట్టానికి ఎవరూ అతీతులు కారని సభల్లో చెప్పేవాడు, చుట్టూ పోలీసులు కాపలా కాస్తుండగా.

ఒకనాడు పళ్లబుట్టతో వాళ్లింటికే వచ్చాడు. "జోష్‌ల అయిపోయింది చెల్లె. మనసుల పెట్టుకోకు."

గల్లీ కరిగిపోయింది. అంతటోడు గడప తొక్కిండు, ఇంకేం కావాలె? నాయకుడు శిక్ష పడి జైలుకెళ్లనక్కర్లేదు మనకు, కాస్త నడుం వంచితే చాలు.

"గీ మాట జడ్జి ముంగట చెప్పన్నా, గప్పుడు మాఫ్ చేస్త" అంది అతియా. ఆయన నవ్వి కారెక్కాడు.

ఆమె సాక్ష్యం చెప్పాల్సిన రోజు రానే వచ్చింది. సర్కారీ వకీలు లేచి, ప్రజాప్రయోజనం దృష్ట్యా ప్రభుత్వం ఈ కేసును ఉపసంహరించుకుంటోందన్నాడు.

"సార్, నన్నొక్కసారి చెప్పనియ్యుండ్రి!" వెనక నుంచి అరిచింది అతియా.

జడ్జి ఆరిఫ్ వైపు చూశాడు. "దెబ్బ తగిలింది నీకే కదా. అభ్యంతరం ఉందా?"

ఆరిఫ్ తల వంచుకున్నాడు. "లేదు సార్."

బయట మెట్ల మీద ఆమె తమ్ముడి చొక్కా పట్టుకుంది. "ఎందుకట్లన్నవ్‌ రా?"

"ఎర్రమంజిల్ల సర్కారీ ఆఫీసుల అటెండర్ నౌకరీ ఇప్పిస్తమన్నరు ఆపా, మంత్రి మనుషులు. ఒంటి కన్నోనికి ఇంకెవడిస్తడు? ఆయన జైలుకు పోతే నా కన్నొస్తదా?"

రాదు. అతియా చొక్కా వదిలేసింది.

మరుసటి నెల మంత్రిగారి పుట్టినరోజు. ఇద్దరు కార్యకర్తలు అతియా షాపు బోర్డు మీదుగా ఆయన ఫ్లెక్సీ కట్టబోయారు. చెయ్యి అందలేదు.

"అక్కా, జర స్టూలుంటే ఇయ్యరాదూ!"

కాపీలు తీస్తున్న అతియా మిషను ఆపింది. లోపలికెళ్లి స్టూలు తెచ్చి ఇచ్చింది.