నా ఒంటికి నేనే కంపెనీ

కాలు విరిగినవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు. కానీ కాలు విరిగి, ఆసుపత్రి స్ట్రెచర్ మీద పడుకుని కూడా, "ఇన్సూరెన్స్ లేదండీ, అసలు నాకది అక్కర్లేదు, నాకు నేనే ఇన్సూరెన్స్" అని కౌంటర్‌లో అమ్మాయికి పాఠం చెప్పినవాడు చోడవరం మొత్తానికి నేనొక్కణ్ణే అనుకుంటాను. పాపం ఆ అమ్మాయి నా నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం తలకెక్కిందేమోనని చూసింది. అంతటి సర్వనాశనం ఎలా జరిగిందో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. మా వీధివాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. చోడవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. లెక్కలు చెప్పేవాళ్ళకు ఒక జబ్బుంటుంది, దాన్ని ఏ పాలసీ కవర్ చెయ్యదు. లోకమంతా తమ బ్లాక్‌బోర్డు మీద పట్టేస్తుందనుకుంటారు. నాతో చదువుకున్న భాస్కర్రావు ఆరోగ్య బీమా ఏజెంటయ్యాడు. ఆదివారం వస్తే చాలు, చంకలో బ్యాగుతో మా వీధరుగు మీద ప్రత్యక్షమయ్యేవాడు.

"ఒరే, వయసులో ఉన్నప్పుడే కట్టాలిరా. అప్పుడే తక్కువలో వస్తాది."

"నాకు జలుబు చేసి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

"జలుబుకి కాదురా బాబూ. పెద్దదేటైనా వస్తే?"

"వస్తే నేనే సూసుకుంటాను. నీ కంపెనీకి కట్టేదేదో నెలనెలా నాకే కట్టుకుంటాను. నాకు రోగం రాకపోతే నీ కంపెనీ బాగుపడాలేటి? నేను బాగుపడతాను."

లోపల్నుంచి అమ్మ, "కట్టీరాదేటిరా, అంత ఇదిగా సెప్తన్నాడు" అంది. నేను వింటానా? కాగితం తీసి, నాలాంటి కుర్రాడికి రోగం వచ్చే సంభావ్యత ఎంతో లెక్క కట్టి, కింద రెండు గీతలు కొట్టి భాస్కర్రావు చేతిలో పెట్టాను. అతను ఆ కాగితాన్ని తిరగేసి, బోర్లించి చూసి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గెలిచాననుకున్నాను.

అయితే నా చేతిలో డబ్బు నిలవదు. కొత్త ఫోను కనిపిస్తే నా వేళ్ళు వాటంతటవే కొనేస్తాయి. అందుకని ఆ నెలవారీ సొమ్మును అమ్మ ఖాతాలో వెయ్యడం మొదలుపెట్టాను. ఎంత తెలివి చూడండి. ఇంటిదొంగ నేనే అని కనిపెట్టి, తాళం అమ్మకిచ్చాను. అమ్మ ఆ సొమ్ములో తన కోసం పైసా వాడుకోలేదు కానీ, ఆ సంగతి మాత్రం దాచలేదు. చీడికాడ బస్సులో, చిల్లర దుకాణంలో, పాలకేంద్రం దగ్గర, "మా గుంటడు ఆసుపత్రి ఖర్చులకని డబ్బు ఏరేగా దాస్తన్నాడమ్మా" అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంది. గర్వం పట్టలేకపోయింది పాపం.

మా వైపు చుట్టాలు నేరుగా డబ్బు అడగరు. అది మర్యాద కాదు. వచ్చి, రోగాన్ని చూపిస్తారు. మొదట చీడికాడ నుంచి పిన్ని దిగింది. సంచిలోంచి ఎక్స్‌రే తీసి, కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది.

"బాబూ, సదువుకున్నోడివి కదా, ఇదేటో కాస్త సూడు."

"పిన్నీ, నేను లెక్కల మేష్టార్ని."

"లెక్కే నానా. ఎన్ని పళ్ళు పుచ్చిపోయేయో లెక్కెట్టు."

నేను లెక్కపెట్టేలోగా అమ్మ టీ తెచ్చింది. టీ గ్లాసుతోపాటు పిన్ని చేతిలో డబ్బు కూడా పెట్టింది. పిన్ని ముందు కాదనలేను కదా, ఎక్స్‌రే వంక చూస్తూ ఉండిపోయాను. నాకున్న ముప్ఫైరెండు పళ్ళూ నూరుకున్నాను.

తర్వాత మాడుగుల నుంచి మావయ్య వచ్చాడు, చేతిలో హల్వా పెట్టెతో.

"నీకు సుగరు కదా మావయ్యా, ఇదేటి?"

"అందుకేరా, నాను తినకుండా నీకు పట్టుకొచ్చేను." అంటూనే, బాగుందో లేదో చూడాలని ఒక ముక్క, ఆ ముక్క సరిగ్గా తెలియలేదని ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఈమధ్య సూపు ఆనడం లేదురా. నువ్వు గడపలో ఉంటే తలుపనుకున్నాను."

అమ్మ నా వంక చూసింది. నేను హల్వా వంక చూశాను. మావయ్య కళ్ళకు ఆపరేషన్ జరిగిపోయింది.

ఇక చూస్కోండి. మా ఇంటికి వచ్చేపోయే ఎక్స్‌రేలతో ఆ కిటికీలోంచి వెలుతురు రావడం మానేసింది. ఒళ్ళు మండిపోయి, ఒకరోజు చార్టు మీద స్కెచ్ పెన్నుతో నిబంధనలు రాసి గోడకు అంటించాను. పాత రోగాలకు మూడేళ్ళు ఆగవలెను. పళ్ళు, కళ్ళు, మోకాళ్ళు వర్తించవు. కోడలి మీద కోపంతో వచ్చే తలనొప్పికి కంపెనీ బాధ్యత వహించదు. ఆ వారమే పిన్ని మళ్ళీ వచ్చింది, ఈసారి మోకాలితో.

"అది పాత నొప్పి పిన్నీ. మూడేళ్ళు ఆగాలి."

"నాను ఆగుతాను బాబూ. మోకాలు ఆగొద్దా?"

"గోడ మీద ఏం రాసుందో సూడు."

"నాకు సదవడం రాదు నానా. నువ్వు సెప్తే ఇంటాను."

ఆమె అంత నెమ్మదిగా అనేసరికి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా మాట మీద నిలబడి, కాలేజీకి వెళ్ళిపోయాను. సాయంత్రం భాస్కర్రావు వచ్చి, చార్టు మొత్తం చేతులు కట్టుకుని చదివాడు. "మా కంపెనీ వాళ్ళు నీ దగ్గర ట్రైనింగుకి రావాల్రా" అన్నాడు.

సరే, అసలు ముహూర్తానికి వద్దాం. గోవాడ చక్కెర మిల్లులో క్రషింగ్ సీజను. గోవాడ రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు ఇంత ఎత్తున లోడుతో ఊగుతూ పోతుంటాయి. మా ప్రాంతంలో పుట్టినవాడికి చెరకు ట్రాక్టర్ పక్కనుంచి నెమ్మదిగా పోతుంటే గడ లాగడానికి చెయ్యి దానంతటదే లేస్తుంది. వయసుతో, ఉద్యోగంతో పనిలేదు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నా విద్యార్థులు పదిమంది నిలబడి ఉన్నారు. నా ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, భుజాన బ్యాగు. ట్రాక్టర్ స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించింది. ఒక గడ కొస పట్టుకుని లాగాను. రాలేదు.

"సార్, వదిలీండి సార్," అన్నాడొకడు.

పిల్లల ముందు చెరకుగడ చేతిలో ఓడిపోవడమా? రెండు చేతులా పట్టుకున్నాను. ట్రాక్టర్ కదిలింది. దానితోపాటు నేనూ పరుగెత్తాను.

"సార్, వదిలీండి సార్," ఈసారి అందరూ కలిసి అన్నారు, ఎక్కం అప్పజెప్పినట్టు.

గడ వచ్చింది. దానితోపాటు కట్ట వచ్చింది. కట్టతోపాటు దాని పక్క కట్టా వచ్చింది. వాటి కింద నా కుడికాలు ఉండిపోయింది.

అనకాపల్లి ఆసుపత్రిలో డాక్టరు ఫిల్ము చూసి, ఎముక రెండు ముక్కలైందని, వారంలోగా రాడ్డు వెయ్యకపోతే వంకరగా అతుక్కుంటుందని, జన్మంతా కుంటాల్సిందేనని చెప్పాడు. అప్పటివరకూ ఉన్న నొప్పి మర్చిపోయి భయం పట్టుకుంది. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఆసుపత్రి డబ్బు తీసుకురా."

"లేదురా," అంది. "కాస్త మిగిలితే మొన్ననే ఓ పనికి కట్టీసేను."

"ఏ పనికి?"

"ఇంటికొచ్చేక సూద్దువులే. ముందు కాలు కదపకు."

భాస్కర్రావు రాత్రి బస్సుకే వచ్చాడు. అతన్ని చూడగానే పరువు పక్కనపెట్టేశాను. "ఒరే, ఫారం తియ్యరా. ఇప్పుడే కడతాను."

"ఇరిగిన కాలికి ఎవుడిస్తాడురా? రెండోది బాగానే ఉంది కదా, దానికి సూద్దాం," అని, నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. బయటి నుంచి కూడా వినపడింది.

మర్నాడు పొద్దున్నే పిన్ని వచ్చింది, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ. కొంగు ముడి విప్పి నోట్లు నా దిండు పక్కన పెట్టింది. నేను మూడేళ్ళు ఆగమన్న రోజునే, నాకు తెలియకుండా, మోకాలికని అమ్మ ఇచ్చిన డబ్బు అది.

"వైద్యం సేయించుకోలేదేటి పిన్నీ?"

"నొప్పైనా నడుస్తన్నాను కదా నానా. నీకు నడకే లేదు."

మావయ్య చెరకు సొమ్ములోంచి మిగతాది కట్టాడు. ఈసారి గడపలోంచే నన్ను గుర్తుపట్టాడు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాను. సిగ్గుతో అనుకునేరు, సిగ్గుతోనే. రాడ్డు పడింది, కాలు తిన్నగా అతికింది. తిరిగి కాలేజీకి వెళ్ళగానే మొదటి జీతంతో పిన్నిని ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. అది వేరే సంగతి.

పది రోజుల తర్వాత ఆటో దిగి, చంకకర్రల మీద మా పెరటి గుమ్మం దాకా వచ్చాను. మా గేదె నెమరు వేస్తూ నా వైపు తల తిప్పింది. దాని చెవికి పసుపుపచ్చ బిళ్ళ, బిళ్ళ మీద నంబరు.

"ఇదేటమ్మా?"

"ఇన్సూరెన్సురా. భాస్కర్రావే ఎవుల్నో తెలిసినాయన్ని పంపేడు. ఆ మిగిలిన డబ్బు దీనికే కట్టేను."

"నన్నొదిలేసి గేదెకి కట్టేవా?"

"నువ్వు వద్దన్నావు కదరా. అది వద్దనలేదు."

ఆ గేదె ఎదుట, రెండు కర్రల మీద నిలబడి, కుడిచెయ్యి ఎత్తితే పడిపోతాను కనుక ఎడమచేతి చూపుడువేలు మాత్రం లేపి ప్రమాణం చేశాను. ఈ జన్మలో నా ఒంటికి నేను కంపెనీ పెట్టను. భాస్కర్రావు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాను. చెవికి బిళ్ళ కుట్టించుకోమన్నా, ఏ చెవికని మాత్రమే అడుగుతాను.