ఆఖరి పేజీ బావ

బావకి ఒకటే జబ్బు. ఏ పని ఎవరు చెప్తే వచ్చిందో, అందుకు వాళ్ళకేం ముట్టిందో కాగితం మీద పెట్టకపోతే ఆయనకి అన్నం సయించదు.

ఇళ్ళకీ స్థలాలకీ విలువ కట్టడం ఆయన వృత్తి. ఆ వృత్తిలో పని చెప్పినవాడికి కమీషన్ ఇవ్వడం తప్పు కాదు, దాచడం తప్పు. మిగతా వాల్యుయర్లు ఆ ముచ్చటను చీమ తలకాయంత అక్షరాల్లో ఒక్క వాక్యంతో ముగించేస్తారు. బావ మాత్రం ప్రతి రిపోర్టు చివరా దానికోసం ఒక పేజీ కేటాయించాడు. అందుకే బ్రోకర్లందరూ ఆయన్ని "ఆఖరి పేజీ" అంటారు. కొందరు ప్రేమగా అంటారు. ఎక్కువమంది పళ్ళు నూరుతూ అంటారు.

నిజాయితీపరుల గురించి పుస్తకాల్లో చదువుకోవడం హాయిగానే ఉంటుంది. వాళ్ళతో ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద కూర్చుని పనిచేసి చూడాలి. ఆ భాగ్యం బావమరిదికి దక్కింది. నాలుగేళ్ళ క్రితం లక్షణమైన బీమా కంపెనీ ఉద్యోగం వదిలి, కొలతల టేపు పట్టుకుని బావ వెంట నడిచాడు. బావమరిది బతక కోరతాడంటారు. ఇతనూ కోరాడు. బావ బతకనిస్తేగా!

ఒకసారి పళ్ళ డాక్టరు బావ నోట్లో పట్టకారు పెట్టి, "మా పక్కింటివాళ్ళు ఇల్లమ్ముతారట, మీరు చూడకూడదూ?" అన్నాడు. బావ చూశాడు, విలువ కట్టాడు, ఆఖరి పేజీలో రాశాడు: "ఈ పని దంతవైద్యులు చెప్పారు. వారికి ఏమీ ఇవ్వలేదు. పన్ను మాత్రం వారే తీసుకున్నారు."

మూడో రోజు ఇంటివారి ఆడిటరు ఫోను.

"ఏ పన్నండీ? మావాళ్ళు అన్నీ కట్టేశారే!"

"కింది దవడదండీ," అన్నాడు బావ.

"అదెప్పుడు వేశారు? కొత్తదా?"

ఆ గొడవ తేలడానికి బావమరిదికి వారం పట్టింది.

ఇంకోసారి బ్రోకరొకడు కుర్చీ దగ్గరికి లాక్కుని, "మనలో మన మాట, నా పదిశాతం నాకివ్వండి," అన్నాడు. బావ ఒప్పుకున్నాడు. రిపోర్టులో "మనలో మన మాట అంటూ పదిశాతం అడిగారు, ఇచ్చాను" అని రాశాడు. బ్రోకరు ఆఫీసుకొచ్చి చిందులు తొక్కాడు.

"నా పేరు తీసేయండి సార్!"

"తీసేస్తా. ఆ పదిశాతం వెనక్కి తెచ్చారా?"

ఇవ్వడంలోనే కాదు, పుచ్చుకోవడంలోనూ ఇదే వరస. ఒక ఫ్యాక్టరీ పని తనకి చేతకాదని వేరే వాల్యుయరుకి పంపితే, ఆయన సంతోషించి బావకో గొడుగిచ్చాడు. బావ వెంటనే ఫ్యాక్టరీ యజమానికి ఉత్తరం రాశాడు: "మిమ్మల్ని వారి దగ్గరికి పంపినందుకు నాకు గొడుగు ముట్టింది." యజమాని ఆ ఉత్తరం చూపించి ఆ వాల్యుయరు ఫీజులో గొడుగు ఖరీదు కోయించాడు. ఆ వాల్యుయరు ఇప్పటికీ బావ ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతాడు.

"మా పెళ్ళి శుభలేఖలో కూడా సంబంధం చెప్పినవారు ఫలానా అని వేయించారు," అంటుంది బావమరిదితో అతని అక్క. "నీకిప్పుడు తెలిసిందా?"

ఇలా ఏటికి ఎదురీదుతూ ఉండగా ఒక బ్యాంకు తన ప్యానెల్‌లోకి వాల్యుయర్లని తీసుకుంటున్నట్టు తెలిసింది. అందులో చేరితే నెలనెలా పని, వేళకి ఫీజు, బ్రోకర్ల గడప తొక్కే అవసరమే ఉండదు. పిల్లల స్కూలు ఫీజులు తలుచుకుని బావమరిది ఎగిరి గంతేశాడు. పాత రిపోర్టులు కట్టలు కట్టి, బావని తోడు తీసుకుని బ్యాంకుకి మోశాడు.

బ్యాంకు ఆఫీసరమ్మ కళ్ళజోడు సవరించుకుని కట్టల్ని తిరగేసింది. ముందు పేజీలు కాదు, ఆఖరి పేజీలే.

"పద్దెనిమిది రిపోర్టుల్లో ఒకాయన పేరే ఉంది. పని చెప్పినందుకు ఆయనకి మీ ఫీజులో పదోవంతు. ఎవరీయన?"

"మా మాస్టారండీ," అన్నాడు బావ. "పని చెప్పారు, ఇచ్చాను, రాశాను."

"రాశారు కాబట్టే అడుగుతున్నాను."

"రాయకపోతే అడిగేవారు కాదా?"

బావమరిది బల్ల కింద ఆయన కాలు తొక్కాడు. ఆఫీసరమ్మ మొహం బిగుసుకుంది. "ఆ కమీషన్ ఆపేసినట్టు సోమవారానికల్లా ఆయన సంతకంతో కాగితం తెండి. లేదంటే ప్యానెల్ మాట మరిచిపోండి," అంది.

మెట్లు దిగుతూ బావమరిది నిలదీశాడు. "మీకు పని నేర్పిన మాస్టారే కదా? ఆయన చూపు మందగించి ఇల్లు కదలడం మానేసి ఆరేళ్ళయింది. ఆయనకి పద్దెనిమిది పనులెలా తెలుస్తాయి బావా?"

"రేపు నాతో రా," అన్నాడు బావ.

మర్నాడు కుట్టుమిషన్ల షాపావిడ ఇల్లు తాకట్టు పెట్టాలని ఆఫీసుకొచ్చింది. బావ ఆవిడనీ బావమరిదినీ వెంటబెట్టుకుని ఒక పాత భవనంలో మూడో అంతస్తు ఎక్కించాడు. ఆవిడ రొప్పుతోంది. పైన ఇరుకు గది, గోడవారగా ప్లాన్ల చుట్టలు, కిటికీలో వరసగా కంటిమందు సీసాలు. కుర్చీలో మాస్టారు.

"మాస్టారూ, ఈవిడ ఇంటికి విలువ కట్టాలట. ఎవరైనా మంచివాళ్ళుంటే చెప్తారా?" అన్నాడు బావ.

మాస్టారు స్థలం ఎంత, గోడలు ఎన్నాళ్ళ నాటివి, రోడ్డు ఎటువైపు అని పావుగంట ఆరా తీశాడు. కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"ఒకడున్నాడమ్మా. కాస్త నత్తనడక. కానీ చెయ్యి శుద్ధం."

"ఎవరండీ?"

"ఇదిగో, వీడే."

"అయ్యో రామ! ఈయన వెంటే కదండీ వచ్చాను!"

ఆవిడని సాగనంపాక మెట్ల మీదే బావమరిది విరుచుకుపడ్డాడు. "ఇదేం నాటకం బావా?"

"ఊరికే ఇస్తే ఆయన తీసుకోరురా. ఒకసారి బలవంతాన పెట్టొస్తే, నేను బయటికి వచ్చేటప్పటికి నా చెప్పుల్లో ఉన్నాయి నోట్లు. పని చెప్పినందుకంటే మాత్రం లెక్కపెట్టి మరీ తీసుకుంటారు. నేను అడిగాను, ఆయన చెప్పారు, నా వాటాలోంచి ఇచ్చాను, రాశాను. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు."

చూపించలేక బావమరిది జుట్టు పీక్కున్నాడు. దానధర్మం కూడా రసీదు లేకుండా చెయ్యలేని మనిషి!

కానీ పిల్లల ఫీజులు ఆగవు. శనివారం అతను బావకి చెప్పకుండా, కమీషన్ ఇక తీసుకోనని టైపు చేసిన కాగితంతో మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఉన్న సంగతి చెప్పేసి సంతకం పెట్టించుకుందామని తెగించే వెళ్ళాడు.

అతను నోరు తెరిచేలోపే మాస్టారు అందుకున్నాడు. "మీ బావ ఎలా ఉన్నాడయ్యా? పనిమంతుడే గానీ నోట్లో నాలుక లేదు. నేను నలుగురికీ చెప్పబట్టి గానీ, లేకపోతే వాడి గడప ఎవరు తొక్కుతారు? డబ్బు వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. పోనీలే అని తీసుకుంటున్నా."

బావమరిది కిటికీలోని సీసాల వంక చూశాడు. చేతిలో కాగితాన్ని గరగరమని మడిచేశాడు.

"ఇంతకీ నువ్వెందుకొచ్చావు?"

"నాకూ... పని చెప్తారేమోనని మాస్టారూ."

"నీకేం వచ్చు?"

"టేపు పట్టుకోవడం."

"ఏ చివర?"

"సున్నా చివర."

"ఆ, అదే కష్టం! ఆ చివర కదిలితే ఇల్లంతా తప్పే. ఎవరికి చెప్పమంటావు?"

"బ్యాంకు ఆఫీసరుగారికి."

"ఏదీ, ఆ కాగితం ఇటివ్వు," అని మాస్టారు దాన్ని తిరగేసి, వెనకవైపు చూపుడువేలంత అక్షరాలతో రాశాడు: "ఈ కుర్రవాడు సున్నా చివర కదలకుండా పట్టుకోగలడు. పని ఇవ్వగలరు." ఇచ్చేముందు కాగితాన్ని ఒక్క క్షణం ఆపాడు. "మీ బావలాగే పదోవంతు. మొహమాటాల్లేవు సుమా!"

"అలాగే మాస్టారూ," అన్నాడు ముప్పై ఎనిమిదేళ్ళ కుర్రవాడు. కమీషన్ ఒకటి మాన్పించడానికి వెళ్ళి రెండోది నెత్తికెత్తుకుని దిగాడు.

సోమవారం బ్యాంకులో ఆ కాగితం బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. దాచడం ఆ ఇంటి వృత్తిలో లేదు మరి. ఆఫీసరమ్మ కాగితం ఒకవైపు చదివింది. తిప్పి రెండోవైపు చదివింది.

"మా బ్యాంకు పనులకి మాత్రం ఎవరికీ పైసా ఇవ్వకూడదు. అలా రాసిచ్చి ప్యానెల్‌లో చేరండి," అంది చివరికి. "బయటి పనుల్లో మీ మాస్టారూ, మీరూ మీ ఇష్టం."

అతను దండం పెట్టి తలుపు దాకా వెళ్ళాడు.

"ఇదిగో, మిమ్మల్నే," ఆవిడ గొంతు తగ్గించి పిలిచింది. "మా తమ్ముడు ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. మీ మాస్టారు ప్లంబర్లకి కూడా పని చెప్తారా?"