బాపు కందెన, అక్క సైకిల్

మా చిన్నప్పుడు... వాకిట్లో సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చేతిలో పానా పట్టుకుని, అక్క దాని ముందు గొంతుక్కూర్చుని ఉండేది. నేను అరుగు మీద జొన్నరొట్టె నములుతూ చూస్తుండేదాన్ని.

అది మా కాక సైకిల్. బాపు అంటే మా నాన్న, కాక అంటే ఆయన తమ్ముడు. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర బట్టల దుకాణంలో పనిచేసేవాడు. సెలవు దొరికితే చాలు, తారురోడ్డు పట్టుకుని ఎంత దూరమైనా పోయి రావడం ఆయన పిచ్చి. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్... స్కూటర్ కొనుక్కున్నాక ఆ సైకిల్ అక్కకిచ్చేశాడు.

మాది బోధన్ వైపు చెరుకు పండే ఊరు. అక్క అప్పుడు పదో తరగతి, బడి వేరే ఊళ్లో. ఊళ్లోకి వచ్చే ఒక్క బస్సూ ఆ ఏడు రావడం మానేసింది. తారురోడ్డు నిండా చెరుకు లారీలు... ఆ దారిన పంపనంటే పంపనన్నాడు బాపు. ఇక మిగిలింది నిజాంసాగర్ కాలువ కట్ట. మొరం మట్టి, దుమ్ము, గులకరాళ్లు, ఎడ్లబండ్లు తొక్కి తొక్కి లోతుగా పడ్డ జాడలు. ఆ కట్ట మీద సైకిల్ నడిస్తే అక్కకు బడి, నడవకపోతే చెరుకు కొట్టే కూలి. మధ్యలో ఇంకో దారి లేదు.

అక్క మొండిఘటం. రాళ్లు ఇరుక్కుంటున్నాయని మడ్‌గార్డులు ఊడదీసింది. నిటారుగా కూర్చోవచ్చని హ్యాండిల్ తిరగేసి బిగించింది. బోధన్‌లో దుకాణాలన్నీ తిరిగి, ఆ చక్రాలకు పట్టినంత లావు టైర్లు వేయించింది. గాలి నిండుగా కొడితే రాళ్ల మీద ఎగిరెగిరి పడుతోందని కాస్త తక్కువే కొట్టించింది.

"సైకిలా, ఎడ్లబండా ఏందే గిది?" అని మా అవ్వ నవ్వేది. అవ్వంటే అమ్మే, మేం అలాగే పిలిచేవాళ్లం.

చెరుకు కాలం మొదలైందంటే మా ఊళ్లో ప్రతి బండి ఇరుసుకూ కందెన పడాల్సిందే. కాల్చిన గడ్డి మసిలో ఆముదం పోసి నూరిన నల్లటి ముద్ద అది. బండి ఎంత కిర్రుమంటే ఇంటాయనకు అంత నామోషీ. అక్క సైకిల్ తయారవడం చూసి బాపుకు ముచ్చటేసింది కాబోలు... చెరుకు కొట్టి, నడుం పట్టుకుని వచ్చిన మనిషి, కాళ్లు కూడా కడుక్కోకుండా వెదురు గొట్టంలో ఉన్న కందెనంతా తెచ్చి గొలుసుకు పట్టించాడు.

"మంచిగ పూసిన బిడ్డా... ఇగ సూడు, గుర్రం లెక్క ఉరుకుతది!"

మర్నాడు పొద్దుగూకే వేళకు అక్క ఆ గుర్రాన్ని నెట్టుకుంటూ వచ్చింది. కట్ట మీది దుమ్మంతా కందెనకు పట్టుకుని, గొలుసు బిర్రబిగుసుకుపోయి తెగేదాకా వచ్చింది. స్కూలు డ్రెస్సు నిండా నల్లటి మరకలు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

బాపు సైకిల్ వంక చూడనే లేదు. "ఇగ సాలు బిడ్డా. ఆడివిల్లవు, నడిమిట్ల ఆగిపోతె ఎవలు జూస్తరు? రేపటిసంది అవ్వతోని చెరుకు కాడికి రా."

"ఒక్కనాడు ఆగు బాపు. రేపు గూడ ఆగిపోతే నువ్వు జెప్పినట్టే ఇంట."

తప్పు ఎక్కడుందో అక్కకు తెలుసు. అయినా కందెన మాట మాత్రం ఎత్తలేదు. తెల్లవారుజామున, బాపు లేవకముందే, దీపాల కోసం దాచిన గ్యాస్‌నూనెతో గొలుసు కడిగింది. పాతగుడ్డతో పొడిగా తుడిచి, పక్కింటివాళ్లను అడిగి తెచ్చిన కుట్టుమిషన్ నూనె చుక్కలు చుక్కలుగా వేసి, పైపైన ఉన్నది మళ్లీ తుడిచేసింది. వెళ్లింది... సాయంత్రం తొక్కుకుంటూనే వచ్చింది.

ఆ పొద్దున బాపు లేచి, వాకిట్లో బండ మీద కడిగిన కందెన నలుపు చూశాడు. వంగి వేలితో రాసి చూశాడు, తను పూసిన కందెనే.

ఆ రోజు నుంచి మొదలైంది. చెరుకు కొట్టి రావడం, ఒక చెంబు నీళ్లు తాగడం, పార భుజాన వేసుకుని మళ్లీ బయటికి నడవడం. "గింత అలిసినంక మళ్ల ఎటు పోతున్నవయ్యా?" అని అవ్వ అరుస్తున్నా వాకిలి దాటేసేవాడు. ఒకసారి నేను వెనకాలే వెళ్లాను. కాలువ కట్ట మీద, బండిజాడల్లోకి మొరం లాగి, పార వెనకవైపుతో కొట్టి చదును చేస్తున్నాడు.

"ఇయ్యాల బండ్లు బాగ నడిషినయ్... పొద్దుగాల బిడ్డ కిందవడ్తది" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

మర్నాడు బండ్లు నడిచేవి, మళ్లీ జాడలు పడేవి. సాయంత్రం మళ్లీ బాపు పూడ్చేవాడు. ఆ చెరుకు కాలమంతా ఇదే పని. అక్క ఒక్కరోజు కూడా బడి మానలేదు. దారి ఎలా సాపుగా ఉంటోందో తనకు తెలుసనే అనుకుంటా... వాళ్లిద్దరూ ఆ మాట ఎన్నడూ మాట్లాడుకోలేదు. అక్క ఇప్పుడు నర్సు. బాపు పోయి చాలా ఏళ్లయింది.

మొన్న మా ఆఫీసులో ఒక కుర్రాడు, "అక్కా, నా రోడ్డు సైకిల్‌ను మట్టిదారులకు మార్పిస్తున్నా" అని ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. లావు టైర్లు, వెడల్పు హ్యాండిల్... ఆదివారాలు కాలువ కట్టల మీద తిరుగుతాడట, సరదాకు. బాగుందన్నాను. అంతకు మించి మాట్లాడే ఓపిక లేక ఊరుకున్నాను.

నిజం చెప్పాలంటే ఈ మధ్య దేనికీ ఓపిక ఉండటం లేదు. సాయంత్రం ఇంటికొచ్చి కుర్చీలో కూలబడతాను. బిడ్డ కాలేజీ నుంచి వస్తుంటే ఫోన్ మ్యాప్‌లో తను ఎక్కడుందో చూపే చుక్క కదలడం చూస్తూ కూర్చుంటాను. చీకటి పడుతున్నా లేచి వీధి మలుపు దాకా వెళ్లబుద్ధి కాదు. పొద్దంతా చెరుకు కొట్టిన మనిషికి పార ఎత్తే బలం ఎక్కడి నుంచి వచ్చేదో... ఏసీ గదిలో కూర్చుని అలసిపోయే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీ ఇంట్లో కూడా ఉండే ఉంటారు... అలసిపోయి వచ్చి, కూర్చోకుండా, మీ కోసం మళ్లీ బయటికి నడిచినవాళ్లు. వాళ్ల గురించి ఒక్క మాట కింద రాయండి. చదువుతాను... చదివైనా, రేపు లేచి వీధి మలుపు దాకా వెళ్తానేమో.