ఇంటి ఫోను మార్పించాను

బుజ్జోడా, నువ్వు ఎన్నిసార్లో చెప్పిన పని ఈ రోజు చేశాను. ఇంటి ఫోను వేరే కంపెనీకి మార్పించాను. నిన్ను మట్టిలో పెట్టి వచ్చాక, నా ఒక్కదానికి ఆ బిల్లు మోయడం కష్టమైపోయింది.

కొత్త లైను బిగించడానికి వచ్చినతను "నంబరు మారిపోతాదమ్మా" అన్నాడు. అతన్ని అక్కడే ఆపాను. నువ్వు పనిచేసిన శ్రీ సిటీ ఫ్యాక్టరీలో సెల్లులు గేటు దగ్గరే తీసి పెట్టేస్తారు కదా. నీ స్నేహితులు ఇప్పటికీ టీ టైములో క్యాంటీన్ ఫోను నుంచి ఆ నంబరుకే చేసి నన్ను పలకరిస్తారు.

"టీ టైము అయ్యేదాకా పాత తీగ పీకొద్దు నాయనా."

"నీతో యాడ పడేదమ్మా!" అని నవ్వి అరుగుమీద కూర్చున్నాడు.

టీ టైము కాగానే నీ జతగాడు సుబ్బు ఫోన్ చేశాడు. కొత్త నంబరు చెప్పాను.

"ఈడ గోడమీద రాసుకుంటామ్మా. పాతది మనోడు రాసింది అట్లే ఉండాది. దాన్ని తుడిపేదే లేదు. కిందనే రాస్తా" అన్నాడు.

ఫోను పెట్టేసి, పాత తీగ పీకెయ్యమని నేనే చెప్పాను.

ఇది చదివే బిడ్డలారా, నేను చేసింది సరేనా? చెప్పండి. ఈ పూట కడుపునిండా అన్నం తినండి.