పిన్ని పేరుతో నేను రాసిన జవాబులు

బెంగాల్లోని సాల్ట్ లేక్‌లో నా ఉద్యోగం ఒక ప్రచార కంపెనీలో. సోషల్ మీడియాలో నూనెకీ సబ్బుకీ బనియన్లకీ పేజీలు నడపడం మా పని. మా ఆఫీసులో ఒక కచ్చితమైన నియమం ఉంది. పేజీ కింద ఎవరు ఏ కామెంటు పెట్టినా గంటలోపు జవాబివ్వాలి. అది కూడా ఆ సరుకే నోరు తెరిచి మాట్లాడినట్టుండాలి. తిట్టినవాడికైతే నవ్వు బొమ్మలు తగిలించి మరీ ఇవ్వాలి. తిట్టేవాడు మళ్ళీ వస్తాడు, పదిమందిని వెంటేసుకుని వస్తాడు. సబ్బు తరఫున నేను వేలసార్లు నవ్వాను. సబ్బుకి బాధేముంది?

మా అమ్మకి వరసకు చెల్లెలు ఒకావిడ ఇక్కడే షాలిమార్‌లో ఉంటుంది. నాకు పిన్ని. పదిహేడేళ్ళకి పెళ్ళై శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చింది. బాబాయి గూడ్సు యార్డులో పని చేసి పోయాడు. మనవలకు తెలుగు మాట్లాడటం వచ్చు, అక్షరం ముక్క చదవడం రాదు. పిన్ని ఎండు రొయ్యల పొడి చేస్తే ఆ వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆ పొడి ఆంధ్రాకి వెళ్ళాలని ఆమె కోరిక.

"ఈ బెంగాలీ బాబులు తింటే ఏటే? మనోళ్ళు తినాల. మనావిడే సేసిందని ఆల్లు అనాల. నాకదే సాలు," అంది.

నలభై ఏళ్ళకి పైగా పరాయి ఊళ్ళో బతికిన మనిషి తనవాళ్ళ చేత తనదాన్ననిపించుకోవాలని ఆశపడింది. నేను ఆమె పేరుతో పొడికి ఒక పేజీ తెరిచాను. మొదటి వీడియోకి ఆమె పట్టుచీర కట్టుకుని, చర్చిలో మాట్లాడినట్టు ఒక్కో మాటా దిద్దుకుంటూ మాట్లాడింది. ఒక్కడూ చూడలేదు.

తర్వాతి ఆదివారం ఆమె రొయ్యలు వేయిస్తుండగా ఫోను డబ్బాల వెనక పెట్టాను. పిల్లి వచ్చి రొయ్య ఎత్తుకుపోయింది. "ఓలమ్మోలమ్మ, దీని దుంప తెగ! ఒలె, ఎలిపోతందే!" అంటూ గరిటె పట్టుకుని వెంటపడింది. మధ్యలో రెండు బెంగాలీ తిట్లు, ఒక హిందీ తిట్టు. ఆమెని అడక్కుండానే పెట్టేశాను. సాయంత్రానికి ఫోను ఆగకుండా మోగుతోంది.

'ఈ భాషకి కింద తెలుగు అనువాదం వెయ్యండి' అన్నాడొకడు. 'ఏ అడవిలో పట్టుకొచ్చారు?' అని ఇంకొకడు. 'నోట్లో రొయ్య పెట్టుకుని మాట్లాడుతోందా?' అని ఒక ఆడమనిషి. అందరూ ఆమె తినిపించాలనుకున్న మనవాళ్ళే. నేను నియమం తప్పలేదు. పిన్ని గొంతుతో, ఆమె యాసకి ఇంకాస్త మసాలా దట్టించి అందరికీ జవాబు రాశాను. 'నానింతే బాబూ, సదువుకోనేదు. నవ్వుకోండి, పొడి కొనుక్కోండి.' పక్కన మూడేసి నవ్వు బొమ్మలు.

పొడి వెళ్ళడం మొదలైంది. విజయవాడ, రాజమండ్రి, హైదరాబాదు. "ఏటే, నా మాట ఆల్లకి నచ్చిందా?" అని పిన్ని అడిగింది. చాలా నచ్చిందని చెప్పాను. ఆ పూట ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు సిగ్గు వెయ్యలేదు, ఇంకో వీడియో తట్టింది. విదేశీ సాసు సీసాల మీది పేర్లు ఆమె చేత చదివించాను. పాపం, కళ్ళద్దాలు సర్దుకుని శ్రద్ధగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. అది పిల్లి వీడియో కంటే ఎక్కువమందికి పోయింది.

ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు కదా అని నేను నిబ్బరంగా ఉన్నాను. మనవల సంగతే ఆలోచించాను గానీ ప్రతి ఆదివారం చర్చిలో తెలుగు బైబిలు వాక్యం చదివేది పిన్నేనన్న సంగతి నా బుర్రలోకి రానేలేదు. ఆ జవాబుల్లో నేను కల్పించిన మనిషికి చదువు రాదు. ఆ మనిషినే నేనూ నమ్మేశాను.

ఒక శనివారం వెళ్ళేసరికి మనవరాలి ఫోను ఆమె చేతిలో ఉంది. కూర్చోమంది. కళ్ళద్దాలు పెట్టుకుని కామెంటు, దాని కింద జవాబు, కామెంటు, జవాబు, వరసగా పైకి చదవసాగింది. తడబాటు లేదు. చర్చిలో చదివినట్టే నిదానంగా చదివింది. నవ్వు బొమ్మలు వచ్చినచోట కాసేపు ఆగింది. నేను చచ్చిపోతే బాగుండుననుకున్నాను.

"ఇయన్నీ నానే రాసినానా?" అని అడిగింది. "నాను సదువుకోనేదని నానెప్పుడన్నానే? ఏడో తరగతి పాసయినాను. నన్ను తిడతంటే నానే నవ్వినానా?"

"పిన్నీ, అది మా పనిలో పద్ధతి..."

"తీసియ్యి."

తీసేస్తానన్నాను, తియ్యలేదు. సోమవారం ఒక పెద్ద మసాలా కంపెనీవాళ్ళకి మా పనితనానికి నమూనాగా ఆ పేజీనే చూపించాలి. నా ప్రమోషను దానిమీదే ఉంది. చూపించాను. సాసు సీసాల వీడియోకి గదిలో అందరూ పడి పడి నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. పని మాకే వచ్చింది. సాయంత్రం ఆఫీసు బస్సులో కూర్చుని పేజీ తీసేశాను.

ఆదివారం మిఠాయి డబ్బా పట్టుకుని షాలిమార్ వెళ్ళాను. పిన్ని తలుపు తీసింది.

"ఎషో, బోషో. చా ఖాబే?" అంది.

రా, కూర్చో, టీ తాగుతావా అని. చేపలవాడితోనూ కరెంటు మీటరు చూసేవాడితోనూ మాట్లాడే బెంగాలీ అది. నా ముందు కప్పు పెట్టింది, అమ్మ ఎలా ఉందని అడిగింది, ఆఫీసు గురించి అడిగింది. అన్నీ బెంగాలీలోనే. నేను తెలుగులో చెబుతున్నాను, తప్పయిపోయిందంటున్నాను, ఆమె తలూపుతోంది. చివరికి నాకు ఏడుపొచ్చేసింది.

"పిన్నీ, తెలుగులో తిట్టు. కొట్టు. ఒక్క మాట మాట్లాడు."

ఆమె నా వైపు సూటిగా చూసింది.

"తుమి ఆబార్ హాష్‌బే," అంది. నువ్వు మళ్ళీ నవ్వుతావు.